99 పిచ్‌ల దగ్గర స్కీన్స్ చేతిలోంచి బంతి లాగేసుకోవడం న్యాయమేనా?

పెన్‌హిల్స్_వాసి · 2024 జులై 12

నిన్న మిల్వాకీలో మన పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ ఆట చూసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు. మన కుర్ర పిచర్ పాల్ స్కీన్స్ 7 ఇన్నింగ్స్ వేశాడు. మిల్వాకీ టీమ్ బ్రూవర్స్‌కి ఒక్క హిట్ ఇవ్వలేదు. 11 స్ట్రైక్ఔట్లు, ఒకే ఒక్క వాక్. 99 పిచ్‌లయ్యాయి. అంతే, మేనేజర్ డెరెక్ షెల్టన్ ఇక చాలన్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి కాలిన్ హోల్డర్‌మన్ వచ్చాడు, జేక్ బవర్స్ హిట్ కొట్టాడు, నో-హిట్టర్ అక్కడితో సరి. ఆట 1-0తో గెలిచాం, కాదనను. కానీ గెలిచిన ఆనందం లేదు.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం: పిచ్ అంటే ఇక్కడ పిచర్ విసిరే ఒక్కో బంతి. బ్యాటర్ కొట్టి బేస్ చేరితే హిట్, మూడు స్ట్రైక్‌లతో ఔటైతే స్ట్రైక్ఔట్, నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే బేస్‌కి వెళ్తే వాక్. తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 మందిని ఔట్ చేసేదాకా ఒక్క హిట్ కూడా ఇవ్వకపోతే దాన్ని నో-హిట్టర్ అంటారు. ఎంతో గొప్ప పిచర్లకి కూడా జీవితంలో ఒక్కటి దక్కకపోవచ్చు. స్కీన్స్‌కి ఇంకా ఆరే ఆరు ఔట్లు కావాలి.

మే 11న వీడి మొదటి మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) ఆటకి నేను వెళ్ళాను. శనివారం కదా, పొద్దున పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి, ప్రసాదం పులిహోర కార్లోనే తిని, అటునుంచి అటే పీఎన్‌సీ పార్క్‌కి వెళ్ళిపోయాం. ఆ రోజు వాడు గంటకి 100 మైళ్ళు దాటి వేసిన బంతులు 17. క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు మేం కూర్చున్న పై వరసదాకా వినబడింది. వారం తిరక్కుండానే, మే 17న షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో 6 ఇన్నింగ్స్, హిట్ లేదు, 11 స్ట్రైక్ఔట్లు. అప్పుడూ 100 పిచ్‌లకి దించేశారు. ఒకసారంటే సరే, రెండోసారి కూడానా?

గుంటూరు_గూగ్లీ · జులై 12

రావడానికి ఆలస్యమైంది, మన్నించాలండీ. నాది క్రికెట్ బుర్ర, ఇక్కడ మీరంతా రాసేది చదివే బేస్‌బాల్ నేర్చుకుంటున్నా. నా సందేహం ఒకటే. 99 బంతులంటే పదహారున్నర ఓవర్లు. టెస్టు మ్యాచ్‌లో మన ఫాస్ట్ బౌలర్ ఒక్కరోజులో 20 ఓవర్లు వేసి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొత్త బంతి పట్టుకుంటాడు. వీళ్ళేమో 99 వేసి అయిదు రోజులు కూర్చుంటారు. ఇంత సున్నితం ఎందుకండీ? పైగా పరిగెత్తుకుంటూ వచ్చే పని కూడా లేదాయె.

ఫిజియో_అక్క_హైదరాబాద్ · జులై 13

గూగ్లీ తమ్ముడూ, పరిగెత్తకపోవడమే అసలు సంగతి. క్రికెట్ బౌలర్‌కి రనప్ నుంచి వేగం వస్తుంది, చెయ్యి దాదాపు తిన్నగా ఉంటుంది. మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాపితే నో బాల్ కదా. అందుకే ఆ భారం నడుము మీద, ముందు కాలు మీద పడుతుంది. బుమ్రాకి ఆపరేషన్ అయింది వీపుకే.

బేస్‌బాల్‌లో అలా కాదు. నిలబడ్డచోటు నుంచే ఒక్క అడుగు వేసి, మోచెయ్యి వంచి, భుజం వెనక్కి తిప్పి విసురుతారు. తడిబట్ట పిండేటప్పుడు రెండు చివర్లు రెండు వైపులకి తిప్పుతాం చూడు, ఆ క్షణంలో మోచెయ్యి లోపలి వైపు అలా మెలిపడుతుంది. అక్కడ ఎముకకీ ఎముకకీ మధ్య మూడు వేళ్ళ వెడల్పు కూడా లేని ఒక లిగమెంట్ ఉంటుంది. ప్రతి పిచ్‌కీ అది సాగుతుంది. తెగితే దానంతటది అతుక్కుని మళ్ళీ 99 మైళ్ళు తట్టుకోవడం కష్టం.

1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఇలా తెగినదాన్ని బాగుచేసే ఆపరేషన్ మొదటిసారి చేసింది టామీ జాన్ అనే పిచర్‌కి. ముంజేతిలోంచి టెండన్ తీసి, ఎముకలకి రంధ్రాలు చేసి, లిగమెంట్ ఉండేచోట కుట్టారు. అప్పటినుంచి ఆపరేషన్‌కి టామీ జాన్ అని ఆ పిచర్ పేరే స్థిరపడింది. బొటనవేలు, చిటికెనవేలు ఆనించి మణికట్టు కొద్దిగా వంచి చూడండి, మధ్యలో తాడులా పైకి లేస్తుందే, అదే ఆ టెండన్. కొందరికి పుట్టుకతోనే ఉండదు, అలాంటప్పుడు కాలినుంచి తీస్తారు. తిరిగి ఆడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ ఒక్క ఏప్రిల్‌లోనే స్పెన్సర్ స్ట్రైడర్, షేన్ బీబర్, యూరీ పెరెజ్ ముగ్గురు పిచర్లూ మోచేతి ఆపరేషన్ బల్ల ఎక్కారు. అప్పటికి పెరెజ్ వయసు 20.

ఓరుగల్లు_ఆర్మ్ · జులై 13

అక్కా, డాక్టర్ ముచ్చట ఒప్పుకుంటా. కానీ పాతకాలం పిచర్ నోలన్ రయాన్ ముచ్చట ఏం జేద్దాం మరి? 1974 జూన్ 14న బోస్టన్ మీద, తొమ్మిదిల తేలక ఆట సాగితే, 13 ఇన్నింగ్స్, 235 పిచ్‌లు, 19 స్ట్రైక్ఔట్లు. అవతల లూయిస్ టియాంట్ 15వ ఇన్నింగ్స్ దాంక వేసిండు. గా సీజన్‌ల రయాన్ ఒక్కడే 26 కంప్లీట్ గేమ్‌లు (సురువు నుంచి ఆఖరు దాంక ఒక్కడే వేసినయ్) ఆడిండు. 1991ల, 44 ఏండ్లకు, ఏడో నో-హిట్టర్ వేసిండు. ఆయనకు ఎవ్వరన్న పిచ్‌లు లెక్కబెట్టి దిగమన్నరా? చేతిని ఎంత దాచిపెడితే అంత మెత్తబడ్తదని నా నమ్మకం.

ఫ్రిస్కో_నాన్న · జులై 13

అన్నా, రయాన్ పేరు టెక్సస్‌లో దేవుడి పేరుతో సమానం, నేనూ దణ్ణం పెట్టేవాణ్ణే. కానీ ఆ కాలంలో అలాగే వేసి, భుజం పోగొట్టుకుని, ఇరవై అయిదేళ్ళకే ఇంటికి పోయినవాళ్ళ పేర్లు మనకి గుర్తుండవు. నిలబడ్డవాడు ఒక్కడే కనిపిస్తాడు.

పిచర్ యోహాన్ సాంటానా సంగతి చూడండి. భుజం ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చిన ఏడాది, 2012 జూన్ 1. న్యూయార్క్ మెట్స్ చరిత్రలోనే మొదటి నో-హిట్టర్. 134 పిచ్‌లు వేయనిచ్చాడు మేనేజర్ టెర్రీ కాలిన్స్. న్యూయార్క్ అంతా పండగ చేసుకుంది. ఆ సీజన్ ముగిశాక సాంటానా మేజర్ లీగ్‌లో మళ్ళీ ఒక్క బంతి వేయలేదు. ఆ 134 వల్లే అని నేను తీర్పు చెప్పను. కానీ షెల్టన్ స్థానంలో కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాత్రే.

ఇక నా సొంత సంగతి ఒకటి. చెప్పుకోవాలని ఎప్పటినుంచో ఉంది. మావాడికి ఇప్పుడు పన్నెండేళ్ళు. పోయినేడాది వసంతంలో ఒక ట్రావెల్ టీమ్‌లో (ఊరూరూ తిరిగి టోర్నమెంట్లు ఆడే పిల్లల టీమ్) చేర్పించాం. పిల్లల లిటిల్ లీగ్‌లో అయితే నియమం గట్టిది: 11, 12 ఏళ్ళవాళ్ళకి రోజుకి 85 పిచ్‌లు, 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ట్రావెల్ టోర్నమెంట్లలో ఆ లెక్క ఒకచోటది ఇంకోచోటికి రాదు. శనివారం పొద్దున ఒక ఊళ్ళో 70 వేయించారు. ఆదివారం ఇంకో ఊళ్ళో "ఒక్క ఇన్నింగ్స్ అంతే" అని మళ్ళీ బంతి ఇచ్చి 40కి పైగా వేయించారు. నా చేతిలో బటన్ నొక్కే కౌంటర్ ఉంది, అంకె కనబడుతూనే ఉంది. కోచ్‌ని అడగడానికి మొహమాటపడ్డాను. మనవాడికి అవకాశం ఇస్తున్నాడు కదా అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు పప్పన్నం ఎడమచేత్తో కలుపుతున్నాడు. వాళ్ళమ్మ "ఎడమచేత్తో తింటావేంట్రా, కుడిచేత్తో తిను" అని కసిరింది. వాడు తల వంచుకుని, "మోచెయ్యి మడవట్లేదమ్మా" అన్నాడు. ఆటలో నుంచి తీసేస్తారని భయపడి రెండు రోజులుగా చెప్పలేదట. ఎదిగే ఎముక చివర వాచింది. మూడు నెలలు బంతి ముట్టనివ్వలేదు డాక్టరు.

అందుకే మొన్న స్కీన్స్ డగౌట్‌లోకి వచ్చేస్తుంటే నాకు కోపం రాలేదు. ఆ మేనేజర్ అడగగలిగాడు, నేను అడగలేకపోయాను అనిపించింది.

పెన్‌హిల్స్_వాసి · జులై 14

నాన్నగారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బాబు ఇప్పుడు బాగున్నాడా? నా వాదన మార్చుకోను గానీ, ఒక మాట సరిచేసుకుంటాను. పన్నెండేళ్ళవాడికీ, 6 అడుగుల 6 అంగుళాల ప్రొఫెషనల్‌కీ ఒకే తూకం రాయి వాడకూడదు. స్కీన్స్‌కి 22 ఏళ్ళు. పోయినేడాది ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో 209 స్ట్రైక్ఔట్లతో ఎస్‌ఈసీ (దక్షిణాది కాలేజీల లీగ్) రికార్డు బద్దలుకొట్టాడు. అక్కడ వారానికి ఒకసారి 100కి పైగా పిచ్‌లు వేశాడు.

ఫ్రిస్కో_నాన్న · జులై 14

బాగున్నాడు సార్. ఈ సీజన్‌లో పిచింగ్ కాకుండా ఎక్కువగా ఫస్ట్ బేస్‌లో ఆడుతున్నాడు. కౌంటర్ ఇప్పుడు వాడి జేబులోనే ఉంటుంది.

సియాటిల్_చినుకు · జులై 17

ఆర్లింగ్టన్‌లో ఆల్‌స్టార్ (రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్ళ ఆట) చూశారా అందరూ? పదకొండే పదకొండు ఆటలు ఆడిన కుర్రాడు స్కీన్స్ నేషనల్ లీగ్ తరఫున మొదటి పిచర్‌గా స్టార్ట్ చేశాడు. 1995లో హిడియో నోమో తర్వాత ఒక రూకీకి (మొదటి ఏడాది ఆటగాడికి) ఆ గౌరవం దక్కడం ఇదే. 16 పిచ్‌లు వేశాడు. హువాన్ సోటో ఓపికపట్టి వాక్ తీసుకున్నాడు, ఆరోన్ జడ్జ్ గ్రౌండర్ కొట్టి ఇన్నింగ్స్ ముగించాడు. అమెరికన్ లీగ్ 5-3తో గెలిచింది, జారన్ డురాన్‌కి ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు). అది పక్కన పెడదాం.

పిచ్‌ల లెక్క గురించే మాట్లాడుతున్నాం గానీ, ఏ పిచ్ అన్నది ఎవరూ ఎత్తలేదు. నాకు ఆశ్చర్యం అక్కడే. స్కీన్స్ దగ్గర "స్ప్లింకర్" అని ఒకటుంది. సింకర్ (చివర్లో కిందికి కుంగే బంతి) పట్టు మార్చి చూస్తుంటే దొరికిందట. స్ప్లిటర్ అనే ఇంకో కుంగే బంతికీ సింకర్‌కీ పుట్టిన బిడ్డ లాంటిది. ఫాస్ట్‌బాల్ 99 మైళ్ళు, ఇది 94. తేడా అయిదు మైళ్ళే. మామూలుగా బ్యాటర్‌ని మోసం చేయడానికి చేంజప్‌ని ఎనిమిది, పది మైళ్ళు తగ్గించి వేస్తారు. వీడికి అంత తగ్గించే పనే లేదు. రెండూ ఒకే ఎత్తునుంచి, ఒకే చేతి విసురుతో బయల్దేరతాయి. సగం దూరం వచ్చేదాకా రెండూ ఒకటే. ఆ తర్వాత ఒకటి నేరుగా వస్తుంది, ఇంకోటి కుడిచేతి బ్యాటర్ మోకాలి మీదికి కుంగుతుంది. పిచర్ నిలబడే మౌండ్ నుంచి బ్యాటర్ దగ్గరి ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. బంతి చేతిలోంచి వదిలాక చేరడానికి పట్టేది 0.4 సెకను. అందులో సగం సమయం చూడటానికే పోతుంది.

ఇప్పుడు 99 పిచ్‌ల సంగతికి వస్తే, ఇందులో "ఊరికే వేసిన" బంతి ఒక్కటీ లేదు. రయాన్ కాలంలో ఎనిమిదో నంబర్ బ్యాటర్‌కి కాస్త చెయ్యి వదులు చేసి వేసేవారు. ఇప్పుడు తొమ్మిదోవాడు కూడా హోమర్ (సిక్సర్ లాంటిది) కొడతాడు. ప్రతి బంతీ ఉన్న బలమంతా పెట్టి వేయాల్సిందే. 235తో 99ని పోల్చాలంటే ఇది కూడా కలుపుకోవాలి.

గుంటూరు_గూగ్లీ · జులై 17

ఇప్పుడర్థమైందండీ. మన భాషలో చెప్పాలంటే, ప్రతి బంతీ చివరి ఓవర్ యార్కరే. పదహారు ఓవర్ల స్పెల్ కాదు, పదహారు డెత్ ఓవర్లు. మరి అలా వేయగలిగే మనిషి ఎవడుంటాడు?

పెన్‌హిల్స్_వాసి · జులై 24

కొత్త కబురు. నిన్న కార్డినల్స్ మీద స్కీన్స్‌ని తొమ్మిదో ఇన్నింగ్స్‌కి కూడా పంపాడు షెల్టన్! 8 ఇన్నింగ్స్ దాటి ఒక ఔట్ తీశాడు. ఒక్క వాక్ కూడా ఇవ్వలేదు. 2-1తో ఓడిపోయాం, వాడి కెరీర్‌లో మొదటి ఓటమి. చిత్రం ఏమిటంటే, ఓడినా నాకు మిల్వాకీ రోజంత బాధ లేదు. వాడి ఆట వాడి చేతిలోనే ముగిసింది.

మీరన్నదీ ఒప్పుకుంటా నాన్నగారూ. వాకులు లేకుండా, తక్కువ పిచ్‌లతో నడుస్తుంటే ఉంచాడు, పిచ్‌లు పెరిగిపోయినప్పుడు దించాడు. షెల్టన్‌కి గుడ్డి లెక్క అయితే లేదు.

ఓరుగల్లు_ఆర్మ్ · జులై 26

శాన్ డియేగో పాడ్రెస్ పిచర్ డిలన్ సీస్!! ఇప్పుడు చెప్పుండ్రి. నిన్న వాషింగ్టన్‌ల నేషనల్స్ మీద నో-హిట్టర్. 114 పిచ్‌లు, 9 స్ట్రైక్ఔట్లు, 3-0. పాడ్రెస్ చరిత్రల రెండోది, మొదటిది 2021ల జో మస్‌గ్రోవ్ వేసిండు. ఏడు ఇన్నింగ్స్ అయ్యేటప్పటికి 94 ఉన్నయ్. మేనేజర్ మైక్ షిల్ట్ దించుదామనుకుంటే, సీస్ నేను వేస్త అని ఒప్పించిండు. మాట్లాడి ఒప్పించిండు అన్నా! గా మాట అడిగే హక్కు పిచర్‌కు ఉండాలె, నేను మొదటిసంది అంటున్నది గదే.

2022 సెప్టెంబర్ 3 యాది ఉన్నదా? సీస్ అప్పుడు షికాగో వైట్ సాక్స్‌ల. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు ఔట్లు, ఇంక ఒక్కటి కావాలె. అవతలి టీమ్‌ల ఉన్న లూయిస్ అరాయెజ్ సింగిల్ హిట్ కొట్టి నో-హిట్టర్ పాడుచేసిండు. నిన్న గదే అరాయెజ్ సీస్ టీమ్‌ల ఉన్నడు. చివరి ఔట్ పడ్డంక వీళ్ళిద్దరు మొకాలు చూసుకుంటే ఎట్లుంటదో.

ఫిజియో_అక్క_హైదరాబాద్ · జులై 26

ఆర్మ్ తమ్ముడూ, ఈసారి నేనూ చప్పట్లు కొట్టాను. సీస్‌కి 28 ఏళ్ళు, ఏటా పూర్తి సీజన్ వేసుకుంటూ వచ్చిన చెయ్యి. అలాంటి చెయ్యి 114 మోస్తుంది. స్కీన్స్ పోయినేడాది డ్రాఫ్ట్ (టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడం) అయ్యాక వేసింది ఏడు ఇన్నింగ్స్ లోపే. ఇద్దరికీ ఒకే 100 గీత గీస్తే అది వైద్యం కాదు.

ఇంతకన్నా నన్ను కలవరపెడుతున్నది వైట్ సాక్స్ పిచర్ గారెట్ క్రోషే సంగతి. 2022లో టామీ జాన్ ఆపరేషన్ అయింది. ఇదివరకు ఏ మేజర్ లీగ్ సీజన్‌లోనూ 60 ఇన్నింగ్స్ కూడా వేయలేదు. ఈ ఏడాది మొదటిసారి స్టార్టర్‌గా (ఆట మొదలుపెట్టే పిచర్‌గా) మార్చారు, ఇప్పటికే 100 ఇన్నింగ్స్ దాటేశాడు. వైట్ సాక్స్ ఓడిపోతూ ఉంది కాబట్టి 30వ తేదీ ట్రేడ్ (ఆటగాళ్ళని మార్చుకునే) గడువులోపు వేరే టీమ్‌కి ఇచ్చేస్తారని ఊహాగానాలు. అక్టోబర్ ప్లేఆఫ్‌లలో కూడా వేయాలంటే ముందు కాంట్రాక్ట్ పొడిగించండి అంటున్నాడట. దాన్ని చాలామంది డబ్బాశ అంటున్నారు. నాకైతే వాడి మాటలో తప్పేమీ కనబడలేదు. కొనుక్కున్నవాళ్ళు మూడు నెలలు వాడుకుని, మోచెయ్యి తెగితే ఆ ఏడాదిన్నర భారం ఎవరు మోస్తారు?

సియాటిల్_చినుకు · జులై 31

గడువు ముగిసింది. క్రోషే కదల్లేదు, టారిక్ స్కూబల్ కూడా డెట్రాయిట్‌లోనే. మిగతా పిచర్లలో జాక్ ఫ్లాహర్టీ డాడ్జర్స్‌కి, యూసే కికూచి ఆస్ట్రోస్‌కి. పాడ్రెస్ మాత్రం రిలీవర్ల (స్టార్టర్ తర్వాత వచ్చే పిచర్ల) మీదే పడింది: టానర్ స్కాట్, జేసన్ ఆడమ్ ఇద్దరినీ తెచ్చుకున్నారు. ఏడో ఇన్నింగ్స్ తర్వాత ధైర్యంగా బంతి ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఇప్పుడు టీమ్‌ల బెంగ. స్కీన్స్ తర్వాత వచ్చే రిలీవర్ గట్టివాడైతే మన చర్చే ఉండేది కాదేమో. ఓక్లండ్ అథ్లెటిక్స్ రిలీవర్ మేసన్ మిల్లర్ పేరు కూడా వినబడింది గానీ, పాపం, బల్లమీద గుద్ది ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆల్‌స్టార్‌లో 103.6 మైళ్ళు వేసిన కుడిచెయ్యి మాత్రం భద్రంగా ఉంది.

ఫ్రిస్కో_నాన్న · ఆగస్టు 3

పిచర్ బ్లేక్ స్నెల్ నిన్న సిన్సినాటీలో నో-హిట్టర్ వేశాడు. 114 పిచ్‌లు. సీస్‌దీ సరిగ్గా అంతే! రెండుసార్లు సై యంగ్ (ఏడాది ఉత్తమ పిచర్ అవార్డు) గెలిచినవాడు, కెరీర్ మొత్తంలో తొమ్మిది ఇన్నింగ్స్ వేయడం ఇదే మొదలు.

2020 వరల్డ్ సిరీస్ (ఫైనల్) ఆరో ఆట మా ఊరి పక్కనే, గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో. స్నెల్ అప్పుడు టాంపా బే రేస్ టీమ్ పిచర్. 9 స్ట్రైక్ఔట్లు, రెండు హిట్లు. 73 పిచ్‌లకే మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బంతి తీసుకున్నాడు. బ్యాటర్లు మూడోసారి చూస్తే కొడతారని లెక్క. తర్వాత వచ్చిన నిక్ ఆండర్సన్‌ని డాడ్జర్స్ కొట్టి కప్పు ఎత్తుకుపోయారు. ఇది మాత్రం నేను సమర్థించను. అది చేతిని కాపాడటానికి దించడం కాదు, మనిషి కళ్ళముందు ఎలా వేస్తున్నాడో చూడకుండా కాగితం చూసి దించడం. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేస్తున్నాం మనం. వాసి గారి కోపం నిజానికి రెండోదాని మీద అనుకుంటా.

పెన్‌హిల్స్_వాసి · ఆగస్టు 3

అదే, అదే. నోట్లో మాట లాక్కున్నారు.

ఫ్రిస్కో_నాన్న · ఆగస్టు 25

ఇక్కడ ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ మైదానం మా ఇంటికి పది నిమిషాలు. టెక్సస్ రేంజర్స్ వాళ్ళ డబుల్-ఎ టీమ్ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద). టామీ జాన్ ఆపరేషన్ అయ్యాక పిచర్ కుమార్ రాకర్ అక్కడే వేస్తున్నాడని తెలిసి మావాణ్ణి తీసుకెళ్ళాను. రాకర్ తల్లివైపు తాత, అమ్మమ్మలు ఇండియా నుంచి వచ్చినవాళ్ళే. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ డ్యూక్ మీద 19 స్ట్రైక్ఔట్లతో నో-హిట్టర్ వేసిన కుర్రాడు. 2021 డ్రాఫ్ట్‌లో మెట్స్ పదో నంబర్‌గా తీసుకుని, చివరికి ఒప్పందం చేసుకోలేదు. మరుసటేడాది రేంజర్స్ మూడో నంబర్‌గా తీసుకున్నారు. 2023లో మోచెయ్యి కోయించుకోవాల్సి వచ్చింది.

మావాడు బుల్‌పెన్ (పిచర్లు వార్మప్ చేసే చోటు) కంచె దగ్గర నిలబడి వార్మప్ చూశాడు. స్లైడర్ (పక్కకి జారే బంతి) ఒకటి పడగానే నా వైపు తిరిగి, "నాన్నా, ఆయన మోచేతి మీద గీత కనిపిస్తోంది చూడు" అన్నాడు. అప్పటిదాకా బంతినే చూస్తున్నాడనుకున్నా.

సియాటిల్_చినుకు · సెప్టెంబర్ 14

రెండు రాత్రులు వరసగా స్టేడియంలోనే ఉన్నాను, గొంతు పోయింది. నేను మా సియాటిల్ టీమ్ మెరీనర్స్ మనిషిని, అయినా ఇది రాయకుండా ఉండలేను.

12న కుమార్ రాకర్ మేజర్ లీగ్ మొదటి ఆట మా టీ-మొబైల్ పార్క్‌లోనే. 4 ఇన్నింగ్స్, 7 స్ట్రైక్ఔట్లు, ఒకే రన్. స్లైడర్‌కి మావాళ్ళు గాలిని కొట్టారు. నాలుగు కాగానే దించేశారు. నా చుట్టుపక్కల ఒక్కరూ ఏంటిది అనలేదు. 13న అదే మౌండ్ మీదికి రేంజర్స్ పిచరే జేకబ్ డిగ్రామ్ వచ్చాడు. రెండో టామీ జాన్ అయ్యాక మొదటి ఆట, మేజర్ లీగ్‌లో వేసి ఏడాది దాటింది. నాలుగో ఇన్నింగ్స్ మధ్యలోనే తీసుకున్నారు. ఆయన డగౌట్ దాకా నడుస్తుంటే సియాటిల్ జనం కూడా చప్పట్లు కొట్టారు.

గుంటూరు_గూగ్లీ · సెప్టెంబర్ 14

చినుకు గారూ, రాకర్ మొదటి స్ట్రైక్ఔట్ బంతి ఏ రకం పిచ్ అండీ? ఫ్రిస్కో నాన్నగారి అబ్బాయికి తెలిస్తే చెప్పమనండి, వాడే బాగా చూసుంటాడు.

ఫ్రిస్కో_నాన్న · సెప్టెంబర్ 14

వాడు పక్కనే ఉన్నాడు గూగ్లీ గారూ. ఆట రికార్డ్ చేసి పెట్టాం, మళ్ళీ మొదటినుంచి చూసి చెప్తానంటున్నాడు. కౌంటర్ కూడా తెచ్చుకున్నాడు.